గిన్నెలో పడ్డ కోడిముక్క

ఉత్తర నది గట్టు తెగి హోతౌ బజారును ముంచిన ఏడు పోయి, కొత్త ఏడు వచ్చిన రెండో రోజు.

షెక్ తన కొక్కేలు తెచ్చి గల్లాబల్ల మీద పెట్టాడు.

బాతుల్ని భట్టీలో వేలాడదీసే ఇనప కొక్కేలు. మసి గీకి, నూనె గుడ్డతో తుడిచి తెచ్చాడు. వాటి పక్కన మాంసం కొట్టే కత్తి. కత్తి పక్కన మడత పెట్టిన ఏప్రాన్.

"అన్నీ ఉన్నాయి. చూసుకోండి యజమానిగారూ," అన్నాడు.

కామ్‌వా తల ఎత్తాడు. యజమానిగారూ అన్న మాట ఆ నోటి వెంట ఎన్నడూ వినలేదు. మీసాలు రాని వయసు నుంచీ ఇద్దరూ ఒకే భట్టీ ముందు చెమటలు కక్కినవాళ్ళు. కామ్‌వా నాన్న ఇద్దరి వీపులూ ఒకే గరిటెతో వాయించాడు. "ఒరే కామ్‌వా" తప్ప ఇంకో పిలుపు తెలియదు షెక్‌కి.

"ఏంటిది షెక్ అన్నా?"

"తిన్నాను కదా. ఇంకేం ఉంది."

అంతే. నిచ్చెనెక్కి అటక మీదికి పోయాడు. భట్టీ గదికి పైన ఉన్న ఆ అటకే ఆయన ఇల్లు.

కామ్‌వా కొక్కేల వంక చూస్తూ కూర్చున్నాడు. ముట్టుకోలేదు.

హోతౌలో పుట్టినవాడికి ఇది విప్పి చెప్పక్కర్లేదు. కొత్త ఏడు రెండో రోజు పొద్దుటి విందుకు యజమాని పనివాళ్ళతో కలిసి కూర్చుంటాడు. బల్ల మీద తలతో సహా కోడి. తల యజమాని వైపు ఉంటే అందరూ ఉన్నట్టే. తల ఎవరి వైపు తిరిగితే, ఇంటివాళ్ళ చేత్తో ముక్క ఎవరి గిన్నెలో పడితే, వాడు అది తిని, మూతి తుడుచుకుని, మూట కట్టుకోవాలి. నోటితో ఎవరూ ఏమీ అనరు. అందుకే దానికి దయలేని కోడి అని పేరు.

ఈసారి బల్ల దగ్గర ఇంటివాళ్ళు ముగ్గురు, షెక్ ఒక్కడు. మిగతా పనివాళ్ళు వరద తర్వాత వాళ్ళంతట వాళ్ళే పోయారు.

కోడిని బల్ల మీద పెట్టింది కామ్‌వాయే. తల తన వైపే పెట్టుకున్నాడు. "తల నా వైపుంది, తినండి," అని పైకి కూడా అన్నాడు. అంతవరకూ నిజమే.

కానీ బల్ల కొత్తది. పాతది నీళ్ళలో నాని పగిలిపోయింది. కొత్తదాని నడుమ తిరిగే పలక ఉంది. వేలు పెట్టి తోస్తే చాలు, గిన్నెలన్నీ చుట్టూ తిరుగుతాయి. కామ్‌వా భార్య లాయ్‌ఫాన్, ఆవిరి చేప అత్తగారికి అందాలని పలకను తోసింది. చేప ముసలమ్మ ముందు ఆగింది. కోడితల షెక్ ముందు ఆగింది.

ముసలమ్మ కళ్ళల్లో పొర. ఏ గిన్నె ఎవరిదో చేత్తో తడిమి తెలుసుకుంటుంది. తినే పుల్లలతో ఒక తొడముక్క పట్టి, ఎడం చేత్తో షెక్ గిన్నె వెతికి, అందులో వేసింది.

"తిను నాయనా. చిక్కిపోయావు."

షెక్ ముక్కను చూశాడు. కోడితలను చూశాడు. ఆ తర్వాత కామ్‌వాను చూశాడు. తిన్నాడు. ఎముక కూడా శుభ్రంగా నాకి పక్కన పెట్టాడు.

*

లాయ్‌ఫాన్ కొత్త ఎర్ర కోటు వేసుకుని వచ్చింది. రెండో రోజు పుట్టింటికి పోయే రోజు. కాల్చిన పంది మాంసం పొట్లం సంచిలోంచి వాసన వేస్తోంది.

"బావగారి కొక్కేలు ఇక్కడెందుకున్నాయి?"

"పెట్టి పోయాడు."

"పోవడమేంటి?"

ఆమె కత్తిని చూసింది. ఏప్రాన్‌ను చూసింది. సంచి కుర్చీలో జారవిడిచింది.

"అత్తయ్య వేసిన ముక్క..." అంది. "అయ్యో. పలక తిప్పింది నేను. చేప కోసం తిప్పాను. ఎక్కడాగిందో చూసుకోలేదు. మీరూ చూడలేదా?"

"చూళ్ళేదు."

"మీకు ఎదురుగానే కదా ఆగింది?"

"టీ పోసుకుంటున్నా."

"టీ పోసింది నేను," అంది లాయ్‌ఫాన్.

గోడ మీద వరద గీత కనిపిస్తోంది. లాయ్‌ఫాన్ రెండుసార్లు సున్నం వేసింది. అయినా గోధుమ రంగు చార మళ్ళీ మళ్ళీ పైకి తేలుతూనే ఉంది. కామ్‌వా దాని వంకే చూస్తున్నాడు.

"పైకెళ్ళి పొరపాటు జరిగిందని చెప్పండి."

"చెబుతా."

"లేవండి మరి."

లేవలేదు.

"ఔ ఇంటిపేరువాళ్ళ ఊళ్ళో పోయినేడు పుట్టిన మగపిల్లలకు దీపాలెత్తుతున్నారు. విందుకు కాల్చిన పందులు మన దగ్గరే చెప్పారు. ఎవరు కాలుస్తారు, మీరా? పోయినసారి మీరు కాల్చిన పంది తోలు చూసి, దీనికి అమ్మవారు పోసిందా అని అడిగారు. ఆ మాట మర్చిపోయారా?"

"నీ నోటికి పండగ పూట కూడా సెలవు లేదా?"

"నా నోరు సంగతి తర్వాత. ముందు మీ కాళ్ళు కదపండి."

సగం దించిన షట్టరు కింద నుంచి ఒక తల లోపలికి వచ్చింది. పక్క కొట్టు కాన్ మామ. చచ్చినవాళ్ళ కోసం తగలబెట్టే కాగితం ఇళ్ళు, కాగితం బట్టలు అమ్ముతాడు.

"కొత్త సంవత్సరం శుభం! ఆరోగ్యం, ఐశ్వర్యం!"

"శుభం మామా," అంది లాయ్‌ఫాన్.

"షెక్‌కి కోడి తినిపించారట?"

"ఎవరు చెప్పారు మీకు?" కామ్‌వా గొంతు లేచింది.

"ఎవరో చెప్పాలా? కొక్కేలు గీకుతున్న చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. పండగ రెండో రోజు కొక్కేలు కడిగేవాడు ఎక్కడన్నా ఉన్నాడా?"

"పొరపాటు జరిగింది మామా."

"కోడి దగ్గర పొరపాట్లుండవమ్మా. గిన్నెలో పడిందంటే పడ్డట్టే." ఆయన మాంసం కొట్టే మొద్దు మీది కత్తి గాట్లు చూశాడు, గల్లాబల్ల మీది కొక్కేలు చూశాడు. "మీకు అక్కర్లేకపోతే షెక్‌ను మాకివ్వండి. నేను కాగితం బాతులు చేస్తా, ఆయన కాలుస్తాడు. చచ్చినవాళ్ళు లొట్టలేసుకుంటూ తింటారు."

ఎవరూ నవ్వలేదు. కాన్ మామ తన నవ్వు తానే మింగి, తల వెనక్కి తీసుకున్నాడు.

లాయ్‌ఫాన్ షట్టరు పూర్తిగా దించేసింది. దుకాణం చీకటైంది. బాతులు వేలాడే గాజు పెట్టె ఖాళీగా ఉంది. ఆమె కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది.

"పుట్టింటికి పోవా?" అన్నాడు కామ్‌వా.

"ఏ ముఖం పెట్టుకుని పోను? మా అమ్మ మొదట అడిగేది ఆయన గురించే. షెక్ బాతు తెచ్చావా అంటుంది. మీ బాతు అని ఎన్నడన్నా అందా? ఈ ఊళ్ళో ఎవరన్నా అన్నారా?"

కామ్‌వా మొహం నల్లబడింది.

"ఆ మాట కాదు నేను అనబోయింది," అందామె. గొంతు తగ్గించింది. "మీకు ఆయన పోవడమే కావాలి."

"నోర్ముయ్."

"వరద దగ్గర్నుంచీ చూస్తున్నా. ఆయన తింటున్న బల్ల దగ్గర మీరు కూర్చోరు. ఆయన భట్టీ దగ్గరికి వస్తే మీరు మొద్దు దగ్గరికి పోతారు. ఆయనతో మాట్లాడాలంటే గోడతో మాట్లాడతారు."

"ఏం కూస్తున్నావే!"

చేత్తో బల్ల చరిచాడు. కొక్కేలు గలగలమన్నాయి.

వెనక గది పరదా కదిలింది. ముసలమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు పోయేది?"

లాయ్‌ఫాన్ కొక్కేలను పక్కకు జరిపింది.

"నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. ఎవరు పోయేది అంటున్నా."

లాయ్‌ఫాన్ చెప్పింది. పలక సంగతి, తల సంగతి, ముక్క సంగతి. చెబుతున్నంతసేపూ అత్తగారి చెయ్యి పట్టుకునే ఉంది.

"తల నీ వైపుందన్నావు కదరా?" అంది ముసలమ్మ కొడుకుతో.

"ఉంది. తర్వాత తిరిగింది."

"తిరిగితే మళ్ళీ తిప్పుకోలేకపోయావా?"

ముసలమ్మ తన కుడిచేతిని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూసుకుంది. వేళ్ళు కనిపించాయో లేదో.

"నన్ను వీపు మీద మోసినవాణ్ణి," అంది. "ఈ చేత్తోనే."

కుర్చీ తడిమి కూర్చుంది. తర్వాత, ఎవరితోనో అన్నట్టు, నెమ్మదిగా అంది.

"నువ్వు కుండ పట్టుకున్నందుకు నేనేమన్నా అన్నానా? ఒక్కనాడన్నా అన్నానా?"

కామ్‌వా లేచి నిలబడ్డాడు.

ఆ వరద రోజు లాయ్‌ఫాన్ పుట్టింట్లో ఉంది. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడు విని ముందు లేచింది అతనే. లేచి వంటింట్లోకి పరిగెత్తాడు. పాత రసం కుండ ఎత్తుకున్నాడు. నాన్న మొదలుపెట్టిన రసం అది. కోళ్ళూ పావురాలూ ఉడికేది అందులోనే. ఎన్నడూ పారబొయ్యరు. రోజూ కాచి, తరిగినంత పోసి, దాన్ని బతికిస్తారు. దుకాణం ప్రాణమంతా అందులోనే ఉంటుంది. దాన్ని గుండెలకు హత్తుకుని నిచ్చెనెక్కాడు. అటక మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి కింద నీళ్ళు మంచం ఎత్తున ఉన్నాయి. కామ్‌వా ఎక్కుతుంటేనే అటక మీంచి కిందికి దూకిన షెక్ ఆ నీళ్ళలోంచి వస్తున్నాడు. వీపు మీద అమ్మ. అమ్మ తడిసిన జుట్టు షెక్ మెడకు అతుక్కుని ఉంది.

షెక్ అప్పుడు ఏమీ అనలేదు. "చెయ్యి అందించు" అన్నాడంతే. ఆ తర్వాత కూడా ఎన్నడూ ఏమీ అనలేదు. అమ్మ కూడా అనలేదు.

అనకపోవడమే కామ్‌వాకు ఊపిరాడకుండా చేసింది.

*

నిచ్చెనెక్కాడు.

అటక మీద మనిషి నిటారుగా నిలబడలేడు. షెక్ వంగి చాప చుడుతున్నాడు. ఆయన సామాను ఒక మూలకు సరిపోయింది. దుప్పటి, చొక్కాలు, రేజరు. నీళ్ళలో మునిగి మూగపోయిన రేడియో. దాన్ని కూడా గుడ్డలో చుట్టాడు.

"షెక్ అన్నా."

"ఊఁ."

"అమ్మకు కనపడదు."

"తెలుసు."

"లాయ్‌ఫాన్ చేప కోసం తిప్పింది."

"తెలుసు."

"పొరపాటు జరిగింది అన్నా."

షెక్ తాడు తీసుకుని చాప చుట్టూ వేశాడు. "అమ్మది పొరపాటు. చెల్లెమ్మది పొరపాటు." ముడి బిగించాడు. "మీది?"

ఆ మీరు అన్న మాట చెవిలో ముల్లులా దిగింది.

"మీరు మీరు అని చంపకు అన్నా."

"అడిగినదానికి చెప్పండి. పలక ఆగాక మీరు చూశారా, లేదా?"

కింద లాయ్‌ఫాన్ పళ్ళేలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. వింటోంది. అమ్మ కూడా వింటూనే ఉంటుంది. చూశాను అంటే ఆ ఒక్క మాటతో ఆగదు. ఎందుకు ఊరుకున్నావు అని వస్తుంది. దానికి చెప్పే జవాబు అమ్మ చెవిన పడుతుంది.

"చూళ్ళేదు," అన్నాడు కామ్‌వా.

షెక్ తల ఊపాడు. అన్నం బాగుందన్న గిరాకీకి తల ఊపినట్టు ఊపాడు. రెండో ముడి వేశాడు.

"పొద్దున్నే పడవకు పోతాను."

"ఎక్కడికి?"

"పడవ ఎక్కడికి పోతే అక్కడికి."

"మీ ఊళ్ళో చెల్లెలి ఇల్లు..."

"నది పట్టుకుపోయింది కదా. మర్చిపోయారా?"

నిజంగానే మర్చిపోయాడు. దిగడానికి నిచ్చెన మెట్టు కాలికి తగల్లేదు. షెక్ చెయ్యి చాచి అతని భుజం పట్టుకున్నాడు. కాలు మెట్టు మీద నిలిచేదాకా పట్టుకుని, వదిలేశాడు.

*

పొద్దుగూకింది. పొయ్యి వెలగలేదు. లాయ్‌ఫాన్ పుట్టింటికి కట్టిన పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టలేదు. కొవ్వు తెల్లగా పేరుకుంది.

"రెండు ముద్దలు తినండి అత్తయ్యా."

"వాడు తిన్నాడా?"

"లేదు."

"అయితే నాకెందుకు."

నిచ్చెన కిర్రుమంది. షెక్ దిగి వస్తున్నాడు. ముసలమ్మ చప్పున తల తిప్పింది. కామ్‌వాకు ఆశ పుట్టింది. మనసు మార్చుకున్నాడేమో.

షెక్ ఎవరినీ చూడకుండా వంటింట్లోకి పోయాడు. పొయ్యి వెలిగించాడు. పాత రసం కుండ మూత తీశాడు.

రోజూ ఈ వేళకు చేసే పనే. పైన తేలిన నురుగు గరిటెతో తీశాడు. ఎండు కమలా తొక్క ముక్క చిదిమి వేశాడు. అనాసపువ్వు ఒకటి వాసన చూసి పక్కన పడేశాడు, ఇంకోటి వాసన చూసి వేశాడు. కామ్‌వా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రేపట్నుంచి మీరే కాచుకోవాలి," అన్నాడు షెక్, కుండలోకి చూస్తూ. "పండగైనా, జ్వరమైనా. మానితే పులుస్తుంది."

"తెలుసు."

"తెలుసులే. మీ నాన్న ఇద్దరికీ కలిపే చెప్పాడు."

రసం మరిగింది. ఇల్లంతా ఆ వాసన. కామ్‌వాకు ఆ వాసన అంటే నాన్న. చెప్పెయ్యాలి అనుకున్నాడు. మంట తగ్గించాక చెబుదాం అనుకున్నాడు. షెక్ మంట తగ్గించాడు. మూత పెట్టాక చెబుదాం అనుకున్నాడు. షెక్ మూత పెట్టాడు. గరిటె కడిగాడు. మేకుకు తగిలించాడు.

బయటికి పోతుంటే ముసలమ్మ షెక్ చొక్కా అంచు పట్టుకుంది.

"ఆ ముక్క కక్కించలేను కదరా నాయనా."

షెక్ ఆమె ముందు కిందికి కూర్చున్నాడు.

"ముక్క బాగుందమ్మా. మెత్తగా ఉంది."

"నువ్వు పోతే నన్ను మోసేదెవరురా?"

"ఇంక వరద రాదులే."

"వస్తే?"

చొక్కా అంచు మీది వేళ్ళను షెక్ నెమ్మదిగా విడదీశాడు. ఆ చేతిని ఆమె ఒళ్ళో పెట్టి, నిచ్చెనెక్కాడు.

లాయ్‌ఫాన్ మొగుడి వైపు చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. పొట్లం మళ్ళీ కట్టి అలమరలో పెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని కామ్‌వా అనుకున్నాడు.

*

మర్నాడు మూడో రోజు. ఎర్రనోరు రోజు అంటారు దాన్ని. ఆ రోజు ఎవరింటికీ ఎవరూ పోరు. పోతే మాటా మాటా పెరుగుతుందని భయం. వీధిలో కుక్క కూడా లేదు.

కామ్‌వా వెలుతురు రాకముందే లేచాడు. కొత్త బల్ల నడుమ ఉన్న తిరుగుడు పలకను రెండు చేతులా ఎత్తి, గోడకు ఆనించాడు. వరద గీత దాని వెనక్కి పోయింది. ఉత్త బల్ల మీద నిన్నటి కోడి పళ్ళెం పెట్టాడు. ముక్కలు మిగిలాయి. తల మిగిలింది. టీ కాచి రెండు గిన్నెల్లో పోశాడు.

షెక్ మూట చంకన పెట్టుకుని దిగాడు. చాప వీపున వేలాడుతోంది. ముసలమ్మ అప్పటికే కుర్చీలో ఉంది, పడుకుందో లేదో. లాయ్‌ఫాన్ పరదా పక్కన నిలబడి ఉంది.

"కూర్చో అన్నా. టీ తాగు."

షెక్ మూట దించకుండానే కూర్చున్నాడు.

కామ్‌వా పళ్ళేన్ని చేత్తో తిప్పాడు. కోడితల తన వైపు తిరిగింది.

"చూశాను," అన్నాడు.

షెక్ టీ గిన్నె అందుకున్నాడు.

"పలక ఆగింది. తల నీ వైపుంది. వేలు పెడితే తిరిగేది. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. అమ్మ ముక్క పట్టడం చూశాను. నీ గిన్నె వెతకడం చూశాను. వేసేదాకా చూశాను."

"తెలుసు," అన్నాడు షెక్.

"ఎందుకో అడగవా?"

"అక్కర్లేదు."

"నాకు చెప్పాలనుంది." కామ్‌వా పళ్ళేన్ని వదిలాడు. "నువ్వు ఎదురుపడితే నీ వీపు మీద అమ్మ కనపడుతుంది. నా చేతుల్లో కుండ కనపడుతుంది. రోజూ. పొద్దున లేస్తే అదే. నువ్వు లేకపోతే కనపడదేమో అనుకున్నా."

పరదా దగ్గర లాయ్‌ఫాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ కదల్లేదు.

"నేను ఎవరికీ చెప్పలేదే," అన్నాడు షెక్.

"చెప్పలేదు. చెప్పినా బాగుండేది. నలుగురూ నా మొహాన ఉమ్మేసి ఊరుకునేవాళ్ళు."

షెక్ టీ తాగాడు. నింపాదిగా, చివరి చుక్క దాకా. గిన్నె దించి, రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాడు. టీ పోసినవాళ్ళకు గిరాకీలు అలాగే తడతారు. ఇంటివాళ్ళెవరూ తట్టరు.

కామ్‌వా ఆ వేళ్ళ వంక చూశాడు.

"నిజం చెప్పారు. మంచిది," అన్నాడు షెక్. లేచాడు. "పోతానమ్మా."

"వస్తానను," అంది ముసలమ్మ.

షెక్ ఆ మాట అనలేదు. షట్టరు పైకెత్తాడు. నది మంచు లోపలికి వచ్చింది.

కామ్‌వా వంటింట్లోకి పోయాడు. ఎందుకు పోతున్నాడో పోయేదాకా అతనికే తెలియదు. పాత రసం కుండ రెండు చెవులూ పట్టుకుని ఎత్తాడు. నడుము కలుక్కుమంది. ఆ రోజు ఇది ఇంత బరువు లేదు. గుండెలకు ఆనించుకుని బయటికి నడిచాడు.

"ఏం చేస్తున్నారు?" లాయ్‌ఫాన్ అరిచింది. "అది మామగారి కుండండీ! దించండి!"

గుమ్మం దాటాడు. కాలవ పక్కన, రాళ్ళ మీద నిలబడి కుండను వంచాడు. మూత జారి దొర్లుకుంటూ పోయింది. పైన గట్టిపడ్డ కొవ్వు పగిలింది. నల్లటి రసం సన్నటి ధారగా రాళ్ళ మీద పడింది. వీధంతా కమలా తొక్క వాసన, అనాసపువ్వు వాసన. కామ్‌వాకు కళ్ళు కనపడటం లేదు. ఇంకా వంచాడు.

మూట రాళ్ళ మీద పడ్డ చప్పుడు. లోపల రేడియో పగిలిన చప్పుడు.

కుండ బరువు ఒక పక్క తేలికైంది. అవతలి చెవి షెక్ చేతిలో ఉంది.

"దించు."

కామ్‌వా దించలేదు.

"ఒరే కామ్‌వా, దించరా!"

రేవులో పడవ మొదటి కూత వేసింది. కుండ ఇద్దరి మధ్య, గాల్లో, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక్కొక్క చుక్కే కారుతోంది. కామ్‌వా వంచడం మానలేదు. షెక్ వదల్లేదు.